చిత్తూరు నుంచి కోటగిరి టీ తోటలకు: ఇంటిల్లిపాదీ కారులో పోయి రావడం ఎట్లా

"ఊటీ పోదాం" అని ఇంట్లో ఎవరన్నా అంటే నేను ఎదురు అడిగేది ఒకటే. ఊరు చూడాలా, టీ తోట చూడాలా? ఊటీ అంటే బోటింగు, పూలతోట, చాక్లెట్ అంగళ్లు, వాటి మధ్య పాకే ట్రాఫిక్కు. టీ చెట్ల మధ్య నడవాలి, ఆకు కోసేది చూడాలి, ఆ ఆకు పొడి అయ్యేది పిలకాయలకు చూపించాలి అంటే అదే నీలగిరి జిల్లాలో తూర్పు అంచున ఉండే కోటగిరికి పోండి. కూనూరు అయినా సరే. ఊటీ మీద మరీ మోజుంటే ఒక పూట పోయి రావచ్చు, రాత్రి బస మాత్రం అక్కడ వద్దు.

మా బండి సంగతి ముందే చెప్తా. కారు నేనే నడుపుతాను. మా ఆయనకూ లైసెన్సు ఉంది కానీ, ఘాట్ రోడ్డు వస్తే పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కడమే ఆయన పని. వెనక మా అత్తమ్మ, ఇద్దరు పిలకాయలు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. చిన్నదానికి నాలుగు మలుపులు దాటితే కడుపులో తిప్పుతుంది. ఇట్లాంటి సంసారాన్ని దృష్టిలో పెట్టుకునే ఇదంతా రాస్తున్నా. బైకుల మీద పోయే కుర్రాళ్లకు ఇందులో పెద్దగా పనికొచ్చేది లేదు.

ఎప్పుడు పోవాలి

ఏప్రిల్, మే నెలల్లో తోటలో ఆకు బాగుంటుంది, రోడ్డే బాగుండదు. తమిళనాడు, కర్ణాటక, కేరళ జనమంతా అక్కడే ఉంటారు. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. మన చెరువులు నింపే వానే అక్కడ కొండచరియలను రోడ్డు మీదికి తెస్తుంది. కొండ కింద ఉండే మేట్టుపాళెం, పైనున్న కూనూరు మధ్య కొండ రైలు ఆ నెలల్లో తరచూ ఆగిపోవడానికి కారణం కూడా అదే. సంక్రాంతికి పోతే ఆకాశం తేటగా ఉంటుంది, చలి వణికిస్తుంది, కానీ ఆకు తక్కువ. ఫ్యాక్టరీలు మందకొడిగా నడుస్తాయి, పైగా పొంగల్ సెలవుల రద్దీ. నా ఓటు దసరా సెలవులకు. అవి సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో పడ్డ ఏడాది అయితే ఇంక ఆలోచించేదే లేదు.

పోయే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఈ-పాస్. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి బండ్లకు ఇది పెట్టారు. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు, పోయే తేదీ, ఎంతమంది, ఎక్కడ దిగుతున్నారు అన్నవి నింపితే ఉచితంగా వస్తుంది. వేసవిలో రోజుకు ఇన్ని బండ్లే అని హద్దు కూడా ఉంటుంది. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 అని పెట్టారు. కాబట్టి గది బుక్ చేసిన రోజే పాసు కూడా తీసేయండి. చెక్‌పోస్టు దగ్గర ఫోన్లో సిగ్నలు కోసం చెయ్యి పైకెత్తి తిరగకుండా దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, వీలైతే కాగితం మీద ప్రింటు తీయించుకోండి.

రెండోది ప్లాస్టిక్. నీలగిరుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. నీళ్ల సీసాలతో సహా. కిందనే బండి ఆపి తీసేసుకుంటారు, జరిమానా కూడా వేస్తారు. అందుకని స్టీలు సీసాలు, స్టీలు క్యారియరు. దారిలో తినడానికి మా ఇంట్లో కట్టేది చిత్రాన్నం, చపాతీలు, ఊరిబిండి. పెరుగన్నం మధ్యాహ్నం దాటితే పులుస్తుంది, అది ముందు తినేయాలి. అరిటాకుల్లో కట్టి పైన న్యూస్‌పేపరు చుడితే పారేయడానికీ ఇబ్బంది ఉండదు.

సొంత కారుకు తమిళనాడులో వేరే పర్మిట్టు ఏమీ అక్కర్లేదు. పసుపు బోర్డు బండి మాట్లాడుకుంటే మాత్రం పర్మిట్టు, పన్ను ఎవరు కడతారో బయల్దేరే ముందే తేల్చుకోండి, సరిహద్దులో కాదు. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు తేదీలు చూసుకోండి. ఈ దారిలో టోల్‌గేట్లు చాలానే ఉన్నాయి. ఏడాది పొడుగునా తిరిగేవాళ్లకు 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు కలిసొస్తుంది. అది జాతీయ రహదారుల మీద 200 సార్లకు గానీ ఏడాదికి గానీ పనిచేస్తుంది.

పెట్రోలు సంగతి మన చిత్తూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. తమిళనాడులో చౌక. సరిహద్దు దాటేదానికి సరిపడా పోసుకుని, ఆవల ట్యాంకు నింపుకోండి. మెకానిక్ దగ్గర బ్రేకు ప్యాడ్లు, కూలెంటు, టైర్లు, స్టెప్నీ ఈ నాలుగూ చూపించండి. స్టెప్నీలో గాలి ఉందా అని అడిగితే సగం మంది ఉలిక్కిపడతారు.

దారి

చిత్తూరు నుంచి మేట్టుపాళెం దాదాపు 420 కిలోమీటర్లు. తిరుపతి వాళ్లు ఇంకో 70 కలుపుకోండి. వాళ్లు ఎట్లాగూ కాణిపాకం పక్కనుంచే రావాలి కాబట్టి వినాయకుడికి టెంకాయ కొట్టి బయల్దేరొచ్చు. తెల్లారి 5కే బండి తీయాలి. వేలూరు ఊళ్లోకి పోకుండా పరదరామి, గుడియాత్తం మీదుగా పోయి పల్లికొండ దగ్గర హైవే ఎక్కడం నాకు ఇష్టం. చీకట్లో అయితే ఆ రోడ్డు వద్దు, వేలూరు మీదుగానే పోండి. అక్కణ్ణుంచి ఆంబూరు, వాణియంబాడి, కృష్ణగిరి. కృష్ణగిరిలో బెంగళూరు దారి వదిలి దక్షిణంగా ధర్మపురి, సేలం వైపు తిరగాలి. సేలం దాటాక భవాని, పెరుందురై, అవినాశి. అవినాశిలో కోయంబత్తూరు పోకుండా కుడి పక్క అన్నూరు రోడ్డు పడితే నేరుగా మేట్టుపాళెం.

ఇందులో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ధర్మపురికి, సేలానికి మధ్య తొప్పూరు ఘాట్. పోయేటప్పుడు మనకు దిగుడు. లారీలు బ్రేకులు తగలక ముందున్న బండ్లను గుద్దిన ప్రమాదాలు ఆ వాలులో ఎన్నో జరిగాయి. వేగం తగ్గించి ఎడమ పక్కన పోతే చాలదు, వెనక లారీ ఎంత దూరంలో ఉందో అద్దంలో చూసుకుంటూ దిగాలి. లారీకి ముందు ఇరుక్కోకండి, దాన్ని పోనిచ్చి వెనక పోండి.

భవానిలో ఆగితే అత్తమ్మలు సంతోషిస్తారు. కావేరి, భవాని నదులు కలిసే చోట సంగమేశ్వరుడి గుడి. నదిలో కాళ్లు కడుక్కుని, దర్శనం చేసుకుని, తెచ్చుకున్నది తినేసి బయల్దేరడానికి గంటన్నర చాలు.

మధ్యాహ్నం మూడు, నాలుగుకు మేట్టుపాళెం వస్తుంది. కొండ ఎదురుగా కనిపిస్తుంటుంది. "ముప్పై మూడు కిలోమీటర్లే కదా, ఎక్కేద్దాం" అని బండిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఎక్కొద్దు. పొద్దున అయిదు నుంచి నడిపిన చేతులు, అలిసిన కళ్లు, సాయంత్రం దిగే మంచు, పైనుంచి ఇళ్లకు తొందరపడి దిగే బండ్లు. కింద రాత్రి ఆగండి. గది అద్దె కూడా పైన కన్నా తక్కువే. ఈ మొత్తం ప్రయాణంలో నేను ఎవరికీ సడలించని నియమం ఇదొక్కటే: ఘాట్ ఎక్కేది తెల్లారి, నిద్ర లేచిన కళ్లతో.

ఘాట్ రోడ్డు, తిరుమల అలవాటు

"తిరుమల ఘాట్‌లో నడిపినవాళ్లకు ఇదొక లెక్కా" అనే మాట మన దిక్కు ప్రతి డ్రైవరూ అంటాడు. అక్కడే ఉంది చిక్కంతా. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944లో వేసిన పాత ఘాట్‌లో దిగుతాం, 1974లో వచ్చిన రెండో ఘాట్‌లో ఎక్కుతాం. ఎదురుగా బండి రాదన్న ధీమాతో మలుపులో రోడ్డంతా వాడుకుని స్టీరింగు తిప్పడం మన చేతులకు అలవాటైపోయింది. కోటగిరి దారిలో అదే పని చేస్తే ఎదురుగా ప్రభుత్వ బస్సు నిలబడి ఉంటుంది. ఆ బస్సు డ్రైవరుకు వెనక్కి పోయేంత చోటు ఉండదు, మీకూ ఉండదు.

ఎదురుబండ్ల ఘాట్ ఎప్పుడూ నడపనివాళ్లు ముందు ఒక ఆదివారం మదనపల్లె దగ్గర హార్సిలీ కొండ ఎక్కి దిగండి. ఇరుకు రోడ్డు, రెండు వైపులా బండ్లు, మలుపులు. మీ ఎడమ చక్రం రోడ్డు అంచుకు ఎంత దూరంలో ఉందో సీట్లోంచే అంచనా కట్టడం అక్కడ వచ్చేస్తుంది.

ఇక నీలగిరి ఘాట్‌లో చేయాల్సింది. మలుపు రాకముందే గేరు తగ్గించండి, మలుపు మధ్యలో కాదు. కంటికి కనపడని మలుపు దగ్గర హారన్ కొట్టి, ఒక క్షణం ఎదురు హారన్ కోసం చెవి పెట్టండి. పాటలు అందుకే ఆపేయమంటాను. ఇరుకు చోట ఎక్కే బండికి ముందు దారి ఇవ్వాలన్నది నిబంధన. ఎక్కేటప్పుడు అది మన హక్కు, దిగేటప్పుడు మన బాధ్యత. బస్సు మలుపు తిరుగుతుంటే దాని పక్కకు దూరొద్దు, అది తిరగడానికి రోడ్డు మొత్తం కావాలి. బండి నిండా మనుషులు, సామాను ఉండి ఇంజను మొరాయిస్తుంటే ఏసీ ఆపేసి అద్దాలు దించండి. పిలకాయలకు గాలి కూడా తగులుతుంది.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. సెకండ్‌లో ఎక్కితే సెకండ్‌లోనే. న్యూట్రల్‌లో వేసి పెట్రోలు ఆదా చేద్దామనే పెద్దమనిషి బండిలో ఉంటే ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టండి. ఆటోమేటిక్ కారైతే ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ ముందే నేర్చుకుని పోండి. బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే కాలిన వాసన వస్తుంది. వస్తే వెడల్పు చోట ఆపి, పావుగంట కాదు, చక్రం దగ్గర వేడి తగ్గేదాకా ఆగండి. నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి డిస్కు వంకర పోతుంది. మంచు కమ్మితే లైటు డిమ్‌లోనే ఉంచాలి. హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు.

మేట్టుపాళెం నుంచి పైకి రెండు దారులు. కల్లారు, బర్లియారు మీదుగా కూనూరుకు ఒకటి, కుంజప్పనై మీదుగా కోటగిరికి ఒకటి. కూనూరు దారిలో హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువ, బస్సులు ఎక్కువ. కోటగిరి దారి కాస్త నెమ్మది. వేసవి రద్దీలో కూనూరు మీదుగా ఎక్కాలి, కోటగిరి మీదుగా దిగాలి అని పోలీసులు ఒకవైపు దారి చేయడం మామూలే, అప్పుడు మన ఇష్టం చెల్లదు. రెండు దారుల్లోనూ కోతులుంటాయి. తినేది చేతిలో పట్టుకుని అద్దం దించకండి.

బెంగళూరు, మైసూరు, బందీపూర్ మీదుగా పోదాం అనేవాళ్లకు రెండు మాటలు. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను పోనివ్వరు. మసినగుడి నుంచి ఊటీ ఎక్కే కల్హట్టి ఘాట్‌లో 36 మలుపులు, బయటి బండ్లను అందులో దిగనివ్వరు. పిలకాయలు, పెద్దవాళ్లు ఉన్న బండికి ఆ దారి దండగ.

వాంతుల సంగతి

ఘాట్ ఎక్కే రోజు పొద్దున పాలు ఇవ్వొద్దు. కాఫీ కూడా. రెండు ఇడ్లీలు, అది కూడా బయల్దేరేదానికి గంట ముందు. ఖాళీ కడుపుతో ఎక్కిస్తే ఇంకా ఎక్కువ తిప్పుతుంది. తిప్పే పిల్లను ముందు వరస వెనక మధ్యలో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి. చేతిలో ఫోను ఉందంటే ఎన్ని నిమ్మకాయలు వాసన చూపించినా లాభం లేదు. ఎండబెట్టిన ఉసిరిముక్క బుగ్గన పెడితే మా చిన్నదానికి ఊరట. మాత్ర వేయాలంటే చిత్తూరులోనే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. పాత టవలు, కాగితపు సంచులు అందుబాటులో పెట్టండి, డిక్కీలో కాదు.

తోటలో, ఫ్యాక్టరీలో

పొద్దున 6కు కింద బయల్దేరితే ఎనిమిది లోపే కోటగిరిలో ఉంటారు. గది అప్పుడే ఇవ్వరు, సామాను అక్కడ పెట్టి తోటకు పోండి. ఆకు కోసేది పొద్దుటి పూటే చూడాలి. మధ్యాహ్నానికి తూకాలు మొదలవుతాయి.

రోడ్డు పక్కన కనిపించే ప్రతి తోటా ఎవరిదో ఒకరిది. పచ్చగా ఉంది కదా అని దిగి నడవకండి. కోటగిరి చుట్టూ ఎక్కువగా బడగ అనే స్థానిక జనం చిన్న చిన్న తోటలు, వాటి మధ్య పెద్ద ఎస్టేట్లు. బస దిగిన చోట అడిగితే తమ తోటలోనో తెలిసినవాళ్ల తోటలోనో తిప్పి చూపిస్తారు. ఆంధ్రా నుంచి వచ్చాం, పిలకాయలకు చూపిస్తాం అంటే కాదనేవాళ్లు అరుదు. మనకు చిత్తూరులో వచ్చే అరకొర తమిళం ఇక్కడ బంగారం.

తోటలో చూపించాల్సినవి చెప్తా. నడుము ఎత్తున దువ్వినట్టుండే ఆ పొదలు నిజానికి చెట్లు. వదిలేస్తే మాను అవుతాయి. చేతికి అందాలని కొన్నేళ్లకోసారి బాగా కిందికి కత్తిరించి, చిగురు మాత్రమే పైన ఉండేట్టు ఉంచుతారు. మంచి టీకి కోసేది రెండు ఆకులు, ఒక మొగ్గ. కింది ముదురాకు పనికిరాదు. మధ్యలో నిటారుగా నిలబడ్డవి సిల్వర్ ఓక్‌లు, నీడ కోసం. కొన్ని చోట్ల వాటికి పాకించి కనిపించే తీగ మిరియం. పిలకాయలకు ఇది చూపిస్తే తిరిగొచ్చేదాకా గుర్తుంటుంది.

కోసే ఆడవాళ్లకు కూలి తూకం మీద కూడా ఆధారపడి ఉంటుంది. వాళ్లను నిలబెట్టి పది ఫోటోలు తీయడం అంటే వాళ్ల కిలోలు తగ్గించడమే. అడిగి ఒక ఫోటో తీసుకుని పక్కకు జరగండి. ఆకు తుంచి నోట్లో పెట్టుకోనివ్వకండి, మందు కొట్టి ఉండొచ్చు. వానలు పడ్డ రోజుల్లో జలగలు ఉంటాయి, సాక్సు వేసుకుని పాంటు అందులోకి దోపండి. అన్నిటికన్నా ముఖ్యం అడవిదున్నలు. కోటగిరి, కూనూరు తోటల్లోకి అవి మామూలుగానే వస్తాయి, పశువుల్లాగే మెల్లగా మేస్తుంటాయి. ఆ మెల్లదనం చూసి దగ్గరికి పోవద్దు. పొద్దు గూకాక, మంచులో తోటల్లో నడవనే వద్దు.

ఫ్యాక్టరీ చూసేదానికి రెండు గంటలు పెట్టుకోండి. సందర్శకులను లోపలికి రానిచ్చే ఫ్యాక్టరీ ఏదో, ఆ రోజు మిషన్లు నడుస్తున్నాయో లేదో పొద్దున్నే ఫోను చేసి అడగండి. ఆగిన మిషన్లు చూసేదానికి టికెట్టు దండగ. లోపల వరస ఇది. పచ్చాకును పొడుగాటి తొట్లలో పరిచి కింద నుంచి గాలి కొడతారు, పన్నెండు గంటలో అంతకు పైనో వాడుతుంది. వాడిన ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టలు చేస్తారు. దీన్నే సీటీసీ అంటారు, మన ఇళ్లలో పాల టీకి వాడేదంతా ఇదే. నలిగిన ఆకు గాలి తగిలి పచ్చ నుంచి రాగి రంగుకు తిరుగుతుంది. కంటి ముందే రంగు మారడం పిలకాయలకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం. తర్వాత వేడి గాలిలో ఎండబెట్టి, జల్లెళ్ల మీద గింజ, డస్టు అని వేరు చేస్తారు. సుమారు నాలుగున్నర కిలోల పచ్చాకు కిలో పొడి అవుతుంది. ఆకు విరగకుండా మెల్లగా నలిపి చేసేది ఆర్థడాక్స్ టీ, అది పాలు లేకుండా తాగేది.

అత్తమ్మ లాంటివాళ్లకు ఫ్యాక్టరీలో ఇనుప మెట్లు కష్టం. తొట్లు సాధారణంగా పై అంతస్తులో ఉంటాయి. కింద రంగు మారే చోట ఒక కుర్చీ అడిగి కూర్చోబెట్టండి, అసలు చూడాల్సింది అక్కడే.

కాస్త కథ కావాలంటే టాన్‌టీ తోటల ముందు బండి ఆపి చెప్పండి. శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాలకు పని చూపించేదానికి 1968లో తమిళనాడు అటవీశాఖ నాటించిన తోటలవి, 1976లో ప్రభుత్వ సంస్థ అయ్యాయి.

మిగతా చోట్లు త్వరగా చెప్పేస్తా. కోటగిరి నుంచి కొడనాడు వ్యూపాయింటు దారి పొడుగునా తోటలే, చివర మోయారు లోయ కనిపిస్తుంది, పెద్దవాళ్లు కూడా చూడగలరు. కూనూరులో 1874 నాటి సిమ్స్ పార్కు బాగుంటుంది కానీ వాలులో ఉంది, దిగినంత సులభం కాదు ఎక్కడం. డాల్ఫిన్స్ నోస్ అనే వ్యూపాయింటు దగ్గర పార్కింగు తగాదాలు, తొమ్మిది లోపు పోతే సరే. కొండ రైలు ఎక్కించాలంటే కూనూరు నుంచి ఊటీకి చాలు, టికెట్లు చాలా ముందే తీయాలి.

టీపొడి కొనేటప్పుడు

వ్యూపాయింట్ల దగ్గర అమ్మే చాక్లెట్ టీ, ఏలకుల టీ, మసాలా టీ పొట్లాలు కొనొద్దు. సువాసన పైపైన, పొడి అంతంతమాత్రం. ఫ్యాక్టరీ అంగట్లోనో, చిన్న రైతుల సహకార ఫ్యాక్టరీల సంస్థ ఇండ్కోసర్వ్ దగ్గరో, టాన్‌టీ దగ్గరో ప్యాకింగు తేదీ చూసి కొనండి. పాల టీకి సీటీసీ డస్టు, చిక్కగా దిగుతుంది. రంగు కలిపారని అనుమానం వస్తే తెల్ల కాగితాన్ని తడిపి దాని మీద పొడి చల్లి, కాసేపాగి దులిపి నీళ్లతో కడిగి చూడండి. కలిపిన రంగు ముదురు మరకలుగా దిగుతుంది.

ఆర్థడాక్స్ కొంటే దాన్ని మన పద్ధతిలో పాలు పోసి మరగబెట్టొద్దు. నీళ్లు మరిగాక దించి, ఆకు వేసి, మూడు నాలుగు నిమిషాలు మూత పెట్టి వడగట్టాలి. చిత్తూరు బోరు నీళ్లతో పెడితే పైన తెట్టు కడుతుంది, రుచి మొద్దుబారుతుంది. క్యాను నీళ్లు వాడండి.

తిరుగు ప్రయాణంలో ఘాట్ పొద్దున్నే దిగేస్తే సాయంత్రానికి చిత్తూరు. తొప్పూరు ఈసారి ఎక్కుడు, కాబట్టి అంత భయం లేదు. సామాను సర్దేటప్పుడు ఒకటి చూసుకోండి. అక్కడ మోకాళ్ల నొప్పులకని అందరూ నీలగిరి తైలం సీసాలు కొంటారు. టీపొడి ఏ వాసననైనా లాగేసుకుంటుంది. తైలం డిక్కీలో పెడితే టీపొడి ముందు సీటు కింద పెట్టండి.